నడిపోడి గోడు: మూడు భాగాల కథల మీద మన తీర్పులు

(పాఠకులు, సినిమా అభిమానులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముగ్గురు కొడుకులున్న ఇంట్లో పెద్దోడికి పెత్తనం, చిన్నోడికి గారాబం. నడిపోడికి అన్న విడిచిన చొక్కా. మూడు భాగాల నవలల గురించి, సినిమాల గురించి మనవాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు ఈ నడిపోడే గుర్తొస్తాడు. ఎవరిని అడిగినా తీర్పు ఒకటే: "మొదటిది అదిరింది, రెండోది సాగింది, మూడోది చుట్టేశారు." కొంచెం ఓపికున్నవాళ్లు "రెండోదే అన్నిట్లోకీ గొప్పది, మీకు అర్థం కాలేదు" అంటారు. రెండు వాదనలకూ బలమైన ఉదాహరణలున్నాయి. అందుకే ఈ గొడవ తెగదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. భాగాలను విడివిడిగా తూచే ముందు, ఆ కథ మూడు భాగాలు ఎలా అయిందో చూడాలి. ఒకే కథను కోసి మూడు చేశారా? మొదటి నుంచీ మూడు గదుల ఇల్లుగానే కట్టారా? లేక ఒంటిగది ఇల్లు బాగుందని జనం మెచ్చుకుంటే పక్కన రెండు రేకుల షెడ్లు దించారా? సాగడం, చుట్టెయ్యడం, అతుకు కనపడడం అనే మన ఫిర్యాదులన్నీ చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ట్రయాలజీ, అంటే మూడు భాగాల కథ అనే మాట గ్రీకుల నాటకాల పోటీల నుంచి వచ్చింది. ఏథెన్స్ ఉత్సవంలో ఒక కవి మూడు విషాద నాటకాలు, వాటి వెనక ఒక హాస్య నాటకం వరసగా ఆడించేవాడు. అలా ఆడిన వాటిలో మూడూ ఒకే కథగా మనకు పూర్తిగా దక్కింది ఒక్కటే, క్రీ.పూ. 458లో ఈస్కిలస్ ఆడించిన ఒరెస్టియా. అందులో మొదటి నాటకం దాదాపు 1,670 పంక్తులు. మిగతా రెండూ తలా వెయ్యి పైచిలుకు. అంటే మొదటిదానికి ఎక్కువ చోటిచ్చి తర్వాతవాటిని బిగించడం 2,500 ఏళ్ల కిందటే ఉంది. పైగా అప్పటి ప్రేక్షకుడు మూడూ ఒకే విడతలో చూసేవాడు. రెండోది నచ్చలేదని ఇంటికెళ్లి ఏడాదిపాటు తిట్టుకునే వీలు ఆయనకు లేదు.

ఇక్కడే ఒక పొరపాటు సర్దాలి. ఇంకో గ్రీకు కవి సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకాలు మూడూ ఒకే అట్టలో అచ్చవుతుంటాయి. అందుకని చదివినవాళ్లు "క్రియాన్ పాత్ర ఒకదాంట్లో పెద్దమనిషి, ఇంకోదాంట్లో దుర్మార్గుడు, రచయిత మర్చిపోయాడా?" అని అడుగుతారు. మర్చిపోలేదు. అవి ట్రయాలజీ కానే కావు. కథ ప్రకారం చివర రావలసిన యాంటిగొని క్రీ.పూ. 441 ప్రాంతంలో ముందే వచ్చింది. నడుమ రావలసిన కొలోనస్ నాటకం కవి పోయాక క్రీ.పూ. 401లో ఆడింది. మధ్యలో నలభై ఏళ్లు. మూడు వేర్వేరు పోటీలకు రాసిన మూడు నాటకాలను తర్వాతివాళ్లు ఒక అట్టలో పెట్టారు. తీర్పు చెప్పేముందు పుట్టుక చూడమన్నది ఇందుకే.

ఇక కోసిన కథల సంగతి. అందరికీ తెలిసిన ఉదాహరణ ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'. ఆయన లెక్కలో అది ఒకే నవల. లోపల ఆరు కాండలు. మన రామాయణం లెక్కే అనుకోండి. యుద్ధం ముగిసి ఎన్నో ఏళ్లు కాలేదు, ఇంగ్లండులో కాగితం ధర మండిపోతోంది. అంత లావు పుస్తకం ఒకేసారి వేసి అమ్ముడుపోకపోతే ప్రచురణకర్త మునుగుతాడు. అందుకని రెండేసి కాండలకు ఒక సంపుటం చొప్పున మూడు చేశారు. 1954 జూలైలో మొదటిది, అదే ఏడాది నవంబరులో రెండోది, 1955 అక్టోబరులో మూడోది. మూడో సంపుటానికి పెట్టిన 'రాజు తిరిగిరావడం' అన్న పేరు టోల్కీన్‌కు నచ్చలేదు, కథ ముందే చెప్పేస్తోందని ఆయన బాధ. రెండోదాని పేరులోని 'రెండు బురుజులు' ఏ రెండో ఆయనకే ఒక పట్టాన తేలలేదు. ఒకటిగా పుట్టిన కథకు తర్వాత మూడు పేర్లు పెట్టాల్సివస్తే ఇలాగే ఉంటుంది.

ఈ రెండో సంపుటాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే "సాగింది" అన్న మాట ఎక్కువగా పడింది దీనిమీదే. మూడో కాండ అంతా ఆరగార్న్ గుంపు కథ. ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి బయల్దేరిన ఫ్రోడో మాటే ఉండదు. నాలుగో కాండ అంతా ఫ్రోడో, శామ్‌ల నడక. ఆరగార్న్ గుంపు మాటే ఉండదు. పాఠకుడికి ఒక పడవలోంచి దించి ఇంకో పడవ ఎక్కించినట్టుంటుంది. ఎక్కిన పడవ అలవాటయ్యేసరికి ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కాడు అన్న దగ్గర పుస్తకం ఆగిపోతుంది. తరువాయి కోసం అప్పటి పాఠకులు పదకొండు నెలలు కళ్లు కాయలు కాచేలా చూశారు. మూడో సంపుటం అనుబంధాల దగ్గర ఆలస్యమైంది. ఇవాళ మూడూ పక్కన పెట్టుకుని చదివేవాడికి ఆ బాధే లేదు, అరక్షణంలో మూడోది తెరుస్తాడు. 1954 పాఠకుడి అభిప్రాయం, 2024 పాఠకుడి అభిప్రాయం ఒకే పుస్తకం మీదివి కావన్నమాట. అక్షరాలు అవే, ఎడం వేరు.

దర్శకుడు పీటర్ జాక్సన్ ఈ నవలను సినిమాలుగా తీసినప్పుడు ఈ రెండు పడవల పద్ధతి పనికిరాదని తేలింది. అందుకే రెండో సినిమాలో ఇద్దరి కథనూ మార్చి మార్చి చూపించారు. సాలీడు గుహ ఘట్టాన్ని మూడో సినిమాకు జరిపారు, లేకపోతే రెండో సినిమాకు రెండు క్లైమాక్సులు వచ్చి పడతాయి. ఇంకో సంగతి గమనించండి. రెండో సినిమాకు "గత కథ" అంటూ ఏమీ లేదు. మొదటి సినిమాలో మనం చూసిన ఘట్టంతోనే మొదలవుతుంది, మంత్రగాడు గాండాల్ఫ్ వంతెన మీంచి పడటం. అక్కడ మనం పైనే ఉండిపోయాం. ఇక్కడ కెమెరా ఆయన వెంట కిందికి దూకుతుంది. పాతది గుర్తుచెయ్యడం, కొత్తది చెప్పడం ఒకే పనిలో అయిపోయాయి. రెండో భాగం రాసేవాళ్లు, తీసేవాళ్లు ముందు నేర్చుకోవలసిన విద్య ఇది.

ఎందుకంటే రెండో భాగానికి పడే మొదటి జబ్బు ఈ గుర్తుచెయ్యడమే. ఏడాది ఆగి చదివేవాడికి పాత కథ గుర్తుండదు, చెప్పాలి. నిన్ననే మొదటిది ముగించినవాడికి చెబితే విసుగు. మొదటి ముప్పై పేజీలు ఒకే పుస్తకంలో ఒకరికి అవసరం, ఇంకొకరికి సోది. అందుకే ఒకే నవల గురించి "మొదలు పెట్టగానే లాక్కెళ్లింది" అని ఒకరు, "యాభై పేజీల దాకా ఏమీ జరగలేదు" అని ఒకరు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

జాక్సన్ సినిమాలు మూడూ కలిపి ఒకే దఫాలో, 274 రోజులు న్యూజీలాండ్‌లో తీశారు. 2001, 2002, 2003 డిసెంబర్లలో ఒక్కొక్కటీ వదిలారు. దీనివల్ల లాభమేమిటంటే నటుల వయసు మారదు, సెట్లు విప్పక్కర్లేదు, కాల్‌షీట్ల తలనొప్పి ఒక్కసారితో తీరుతుంది. మొదటిది పోతే మూడూ పోతాయి, అది నష్టం. జాక్సన్ మొదట అడిగింది రెండు సినిమాలే. "పుస్తకాలు మూడున్నాయి కదా, సినిమాలు రెండేమిటి?" అన్నది నిర్మాణ సంస్థ అధినేత. చూశారా, 1954లో కాగితం ధరకు భయపడి వేసిన కోత దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఎన్ని సినిమాలో తేల్చింది!

మూడోదానికి 11 ఆస్కార్లు వచ్చాయి, పోటీపడ్డ ప్రతి విభాగంలోనూ. అయినా ప్రేక్షకుల ఫిర్యాదు మిగిలింది: "క్లైమాక్స్ అయిపోయాక కూడా సినిమా అయిపోదేంటి? లేచి నిలబడ్డాం, మళ్లీ కూర్చున్నాం." ఈ ఫిర్యాదుకు మూలం నవల్లోనే ఉంది. ఆరో కాండలో తొమ్మిది అధ్యాయాలు. ఉంగరం నాశనమయ్యేది మూడో అధ్యాయంలో. ఆ తర్వాత ఇంకా ఆరున్నాయి. వెయ్యి పేజీల నవలకు అది సరైన దిగుడు మెట్లు. మూడున్నర గంటలు కూర్చున్నవాడికి ఒంటికి తోచేది వేరు. సినిమా ఆ ఆరింట్లో బలమైన అధ్యాయాన్ని, ఫ్రోడో జాతివాళ్లైన హాబిట్లు ఇంటికొచ్చేసరికి ఊరే పాడైపోయి ఉన్న ఘట్టాన్ని, తీసేసింది. వీడ్కోళ్లను ఉంచింది. పుస్తకం చదివినవాళ్ల కోపం తీసేసినదాని మీద, చదవనివాళ్ల విసుగు ఉంచినవాటి మీద.

కోసిన కథల్లో ఇంకో మంచి ఉదాహరణ ఈజిప్టు నుంచి. నగీబ్ మహ్‌ఫూజ్ కైరో నగరంలోని ఒక కుటుంబం కథ వెయ్యి పేజీలు దాటి రాశారు. ప్రచురణకర్త దాన్ని చూసి గుండె బాదుకున్నాడు. చివరకు 1956-57లో మూడు నవలలుగా వచ్చింది, మూడింటికీ పాత కైరో వీధుల పేర్లే. ఆ కోత పెద్దగా నొప్పెట్టదు. కారణం, అక్కడ కథ ప్రయాణం కాదు, కాపురం. నడుస్తున్నవాణ్ణి దారిలో ఆపితే ఆపినట్టు తెలుస్తుంది. ఒక తరం పెద్దదై ఇంకో తరం చేతికి ఇల్లు వచ్చే చోట ఆపితే ఆగినట్టు ఉండదు. వంశ కథలకు మూడు భాగాలు ఇట్టే అమరడానికి ఇదే కారణం.

కోయడం ఒక ఎత్తు, సాగదీయడం ఇంకో ఎత్తు. టోల్కీన్‌దే 'ద హాబిట్' అనే పిల్లల నవల ఉంది, మూడొందల పేజీలు. దాన్ని 2012, 2013, 2014లో మూడు సినిమాలు చేశారు. మొదట రెండే అనుకున్నారు. షూటింగ్ నడిచాక, 2012 జూలైలో, మూడు అని ప్రకటించారు. ఏం చెడిందో చెబుతాను. రెండు సినిమాల లెక్కలో రాసుకున్న స్క్రిప్టును మూడుగా విడగొడితే కోత కొత్త చోట పడుతుంది. అది ఎక్కడ పడిందంటే, డ్రాగన్ కొండ విడిచి ఊరి మీదికి ఎగిరే చోట. రెండో సినిమా అక్కడ ఆగింది. మూడోది మొదలైన కాసేపటికే, టైటిల్ పడేలోపే డ్రాగన్ చచ్చింది. రెండున్నర గంటలు పెంచిన భయం, ఏడాది ఆగి వచ్చాక పాప్‌కార్న్ తెచ్చుకునేలోపు అయిపోయింది. రెండోదానికి ముగింపు లేకుండా పోయింది, మూడోదానికి విలన్ లేకుండా పోయాడు. మిగిలింది యుద్ధం. నవల్లో ఆ యుద్ధంలో హీరో బిల్బోకి తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పుతుంది, అందుకని కొద్ది పేజీల్లో ముగుస్తుంది. సినిమాలో అదే ముప్పావుగంట. ప్రేక్షకులు "ల్యాగ్" అన్నారు. నిజానికి పిండి తక్కువ, దోశలు ఎక్కువ.

నవలలు మూడున్నా చివరిదాన్ని రెండు సినిమాలుగా చీల్చడం కూడా కొన్నేళ్లు ఫ్యాషన్‌గా నడిచింది. 'హంగర్ గేమ్స్' మూడు నవలలు నాలుగు సినిమాలయ్యాయి, గట్టెక్కాయి. అదే దారిలో 'డైవర్జెంట్' చివరి నవలను చీల్చారు. 2016లో వచ్చిన మూడో సినిమా పోయింది. నాలుగోది తీయనే లేదు. మూడు టికెట్లు కొన్నవాళ్లకు ముగింపు దక్కలేదు.

(సభలో నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, మన భాషలోనే ఒక పెద్ద కథ రెండు శతాబ్దాలకు పైగా నడుమ ఖాళీతో ఉంది. భారతం. నన్నయ రెండు పర్వాలు పూర్తిచేసి మూడోదాని నడుమ ఆపారు. తిక్కన వచ్చి ఆ అరణ్యపర్వ శేషం ముట్టుకోకుండా, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశారు. మొదలుంది, చివర ఉంది, మధ్యలో బొక్క. ఎర్రన వచ్చి ఆ బొక్క పూడ్చారు. దీన్ని నేను ట్రయాలజీ అనడం లేదు, ముగ్గురు కలిసి చేసిన ఒక గ్రంథం. కానీ నడిమి భాగం రాసేవాడి కష్టం ఏమిటో ఎర్రన్నను చూస్తే తెలుస్తుంది. అటు నన్నయ శైలి, ఇటు తిక్కన శైలి. అటువైపు నుంచి ఎత్తుకుని ఇటువైపు దించాలి. నన్నయ పక్కన నన్నయలా మొదలై, పోనుపోను తిక్కన వైపు ఒరుగుతుంది ఆ శేషం. అంకితం కూడా తన రాజుకో తన దేవుడికో ఇచ్చుకోకుండా, నన్నయ అంకితమిచ్చిన రాజరాజ నరేంద్రుడి పేరే ఉంచారు. సినిమావాళ్లు కంటిన్యుటీ అంటారు చూడండి, అది.

ఇప్పుడు రేకుల షెడ్ల దగ్గరికి వద్దాం. ఒకటి హిట్టయ్యాక మిగతా రెండూ పుట్టిన కథలు. వీటిలో అతుకు ఎక్కడుంటుందో ముందే చెప్పొచ్చు: మొదటిదాని ముగింపులో. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' 1985లో వచ్చింది. చివర్లో కారు గాల్లోకి ఎగరడం ఒక చమత్కారం, అంతే. హీరో పక్కన అతని ప్రియురాలు కూడా ఎక్కేసింది. హిట్టయ్యింది, వీడియో క్యాసెట్ విడుదల చేస్తూ 'సశేషం' అని అక్షరాలు వేశారు. రెండో భాగం రాయబోతే ఆ అమ్మాయి కారులో కూర్చుని ఉంది! కథలో ఆమెకు పని లేదు. ఏం చేశారు? మొదలవగానే నిద్రపుచ్చి ఓ పక్కన పడుకోబెట్టారు. సీక్వెల్ వస్తుందని తెలిస్తే ఆమెను కారు ఎక్కించేవాణ్ణి కాదని దర్శకుడే తర్వాత అన్నాడు. అయినా ఆ సినిమాల్ని నేను తక్కువ చెయ్యను. రెండు, మూడు భాగాలు కలిపి రాసుకుని వరసగా తీసి, 1989 నవంబరు, 1990 మే, ఆరు నెలల తేడాతో వదిలారు. షెడ్డు వేసినా పునాది తీసి వేశారు.

'గాడ్‌ఫాదర్' లెక్క వేరు. 1972, 1974, ఆపైన 1990. రెండుతో కథ నిండిపోయింది. పదహారేళ్ల తర్వాత మూడోది వచ్చేసరికి లాయరు పాత్ర వేసిన నటుడు పారితోషికం దగ్గర కుదరక రాలేదు, ఆ చోట కొత్త పాత్రను పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రేక్షకుడు మూడోదాన్ని మొదటి రెండింటి తూకంతో తూచాడు. దర్శకుడు కొప్పోలా 2020లో అదే సినిమాను మళ్లీ ఎడిట్ చేసి, 'మూడు' అన్న అంకె తీసేసి, తాను మొదట అనుకున్న 'మైకేల్ కోర్లియోన్ మరణం' అన్న మాటను పేరులో పెట్టి వదిలాడు. చాలామందికి కాస్త మేలుగా తోచింది. మార్పులు పెద్దవి కావు. ఇది మూడో అంతస్తు కాదు, వెనక పెరడు అని చెప్పడమే పెద్ద మార్పు. పేరులో అంకె ఉంటే తూకం ఒకటి, లేకపోతే ఇంకొకటి.

మన దగ్గర 'మనీ' 1993లో, 'మనీ మనీ' 1995లో, 'మనీ మనీ మోర్ మనీ' 2011లో. ఖాన్‌దాదా పేరు చెప్పగానే నవ్వేవాళ్లలో ఎంతమందికి మూడోది వచ్చినట్టు గుర్తుందో మీరే చెప్పండి. పదహారేళ్లలో ఒక తరం ప్రేక్షకులు మారిపోతారు.

ఈ షెడ్ల లెక్కకు పెద్ద మినహాయింపు సత్యజిత్ రాయ్ అపూ చిత్రాలు. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసినవి రెండు నవలలు: పథేర్ పాంచాలి, అపరాజితో. సినిమాలు మూడు: 1955లో పథేర్ పాంచాలి, 1956లో అపరాజితో, 1959లో అపూర్ సంసార్. రెండు మూడెలా అయ్యాయి? నవలల అతుకు ఒకచోట, సినిమాల అతుకు ఇంకోచోట. మొదటి నవల అపూ కుటుంబం పల్లె విడిచి కాశీ వెళ్లాక కూడా సాగుతుంది. రాయ్ మొదటి సినిమాను ఎడ్లబండి ఊరు దాటే చోట ఆపేశారు. మొదటి నవలలో మిగిలిన చివరి ఐదో వంతు, రెండో నవలలో మొదటి మూడో వంతు కలిపి రెండో సినిమా. అంటే నడిపోడి చొక్కా అన్నది కాదు, తమ్ముడిది కాదు, రెండు బట్టలు కత్తిరించి కొత్తగా కుట్టింది. అందుకే దానికి తనదైన ప్రశ్న ఒకటి ఉంది: చదువుకోసం కొడుకు దూరమవుతుంటే తల్లి ఏమైపోవాలి?

ఆ ప్రశ్నే దాన్ని బెంగాల్లో ముంచింది. తల్లి మీద ప్రేమ తగ్గుతున్న కొడుకును తెరమీద చూడ్డం అక్కడి ప్రేక్షకులకు మింగుడుపడలేదు. సినిమా ఆడలేదు. 1957లో వెనిస్‌లో అదే సినిమాకు గోల్డెన్ లయన్ వచ్చింది. అక్కడ విలేకరులు "మీ మనసులో మూడు భాగాల ఆలోచన ఉందా?" అని అడిగితే, ఉందని తన నోటి వెంట వచ్చేసిందని రాయ్ చెప్పుకున్నారు. ఈలోపు పరశ్ పాథర్, జల్సాఘర్ తీసి, తర్వాత అపూర్ సంసార్‌కు వచ్చారు. ప్లాను లేని ట్రయాలజీ ప్రపంచంలో గొప్పవాటి పక్కన నిలబడింది. ఎలా?

ఒక రైలు చాలు చెప్పడానికి. మొదటి సినిమాలో అక్కా తమ్ముళ్లు రెల్లుపూల చేలో పడి పరుగెత్తి చూసే వింత ఆ రైలు. ఆ ఘట్టం షూటింగులో ఒకరోజు తీసి వారం తర్వాత వస్తే, రెల్లుపూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా, ఏడాదిపాటు ఆగాల్సి వచ్చింది. రెండో సినిమాలో అదే రైలు దూరంగా పొలాల అవతల గీతలా పోతుంది. చెట్టు కింద కూర్చున్న తల్లికి అది కొడుకు వచ్చే బండి, రాని బండి. మూడోదాంట్లో అపూ అద్దె గది పట్టాల పక్కనే. కొత్త పెళ్లికూతురు కూత వినలేక చెవులు మూసుకుంటుంది. ఆమె పోయాక అపూ చావాలని నిలబడేదీ ఆ పట్టాల దగ్గరే. చివర్లో మొహం ఎరగని కొడుకు కోసం బొమ్మ రైలు తెస్తాడు. పిల్లాడు విసిరికొడతాడు. వస్తువు ఒకటే, మోసే బరువు ప్రతిసారీ వేరు. అపూగా నలుగురు వేర్వేరు నటులు వేసినా మనకు ఒక్కడే అనిపించడానికి ఈ రైలు చేసిన సాయం చిన్నది కాదు.

మామూలు సీక్వెళ్లలో జరిగేదేమిటి? మొదటిదాంట్లో పేలిన డైలాగును రెండోదాంట్లో మళ్లీ పెడతారు, అదే బరువుతో. మొదటిసారి ఈల, రెండోసారి చిరునవ్వు, మూడోసారి ఆవలింత.

ఇంకో లెక్క కూడా ఉంది, తెలుగు ప్రేక్షకుడికి సంబంధించింది. మనం సినిమాను మూడు ముక్కలుగా చూడం, రెండుగా చూస్తాం: ఫస్టాఫ్, సెకండాఫ్. ఇంటర్వెల్ బ్యాంగ్ మన ప్రాణం. అందుకే మన దగ్గర ట్రయాలజీ కన్నా రెండు భాగాలు సులువుగా నప్పాయి. 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న ఎక్కడ ఆగింది? అచ్చంగా ఇంటర్వెల్ బ్యాంగ్ దగ్గర. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు 2017 ఏప్రిల్ 28 దాకా జవాబు లేదు. అది ఇరవై ఒక్క నెలల ఇంటర్వెల్. 2025లో రెంటినీ కుదించి మూడుముప్పావు గంటల ఒకే సినిమాగా వదిలారు. ఒకే టికెట్టు మీద చూస్తే ఆ ప్రశ్న ఆయుష్షు నిమిషాల్లోకి వచ్చేసింది. రెండు ముక్కలకు ఒక్క విరుపు చాలు. మూడు ముక్కలకు రెండు విరుపులు కావాలి, రెండూ ఒకలా ఉండకూడదు. మొదటి విరుపు తలుపు తియ్యాలి, రెండో విరుపు వెనక దారి మూసెయ్యాలి. మనవాళ్లకు మొదటిది వచ్చు. రెండోది ఇంకా అలవాటు కాలేదని నా అభిప్రాయం.

నవలల్లో మాత్రం మనకు అనుభవం ఉంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' చూడండి. మూడింటినీ కట్టి ఉంచేది ఒక హీరో కాదు, తెలంగాణ పల్లె, దాని మీదుగా నడిచిన చరిత్ర. అందుకే ఏది ముందు చదివినా దారి తప్పరు. అంపశయ్య నవీన్ దగ్గర తిరకాసు ఉంది. 1969లో వచ్చిన 'అంపశయ్య' ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి మనసులో ఒక్కరోజు. అది ఎంత పేరు తెచ్చిందంటే రచయిత ఇంటిపేరే అయిపోయింది. ఆ రవి కథే 'ముళ్లపొదలు', 'అంతస్స్రవంతి'గా సాగిందని చాలామంది పాఠకులకు తెలియదు. ఒక్కరోజులో నిండిపోయిన గిన్నెలో ఇంకేం పోస్తారని పాఠకుడి శంక. ఆ శంక అన్యాయమే కానీ, మొదటిదాని నిండుతనమే తర్వాతివాటికి శత్రువవుతుందన్నది నిజం. అదే రచయిత 'కాలరేఖలు'తో ఇంకో నవలాత్రయం మొదలుపెట్టి పెద్ద కాలాన్ని పరిచారు. ఆ 'కాలరేఖలు'కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మన వాళ్లు ఇంగ్లీషులో ఎక్కువగా చదివే అమితవ్ ఘోష్ ఐబిస్ త్రయం గురించి కూడా ఒక మాట. మొదటి నవల తుపానులో ఓడతో, తప్పించుకున్న ఐదుగురితో ఆగుతుంది. రెండోది తెరిస్తే మొదటిదాంట్లో మనం ప్రేమించిన దీతీ కొద్దిసేపు కనిపించి పోతుంది, కథ కాంటన్ రేవుకు, నల్లమందు వర్తకుల దగ్గరికి వెళ్లిపోతుంది. "మా మనుషులేరీ?" అని పాఠకులు కోప్పడ్డారు. నాకైతే ఆ రెండోదే ఇష్టం. మొదటి నవల గసగసాల చేలల్లో మొదలైంది, ఆ సరుకు ఎవరి లాభమో చూపాలంటే కాంటన్ వెళ్లక తప్పదు.

ఇక రేటింగు నక్షత్రాల సంగతి. మూడో భాగానికి సగటు రేటింగు మొదటిదానికన్నా ఎక్కువ ఉంటే "ఆహా, కథ పోనుపోను బాగుపడింది" అనుకుంటాం. ఓ చిన్న లెక్క వేయండి. వందమంది మొదటిది చదివారనుకుందాం. అరవైమంది 4 ఇచ్చారు, నలభైమంది 2 ఇచ్చారు. సగటు 3.2. నచ్చని నలభైమంది రెండోది కొనరు కదా. మిగిలిన అరవైమందికీ రెండోది కాస్త తక్కువగానే నచ్చి సగటున 3.7 ఇచ్చారనుకోండి. వాళ్లవరకు పుస్తకం దిగజారింది, బోర్డు మీద మాత్రం 3.2 నుంచి 3.7కు ఎక్కింది! అందుకని రేటింగుతో పాటు ఎంతమంది ఇచ్చారో చూడాలి. సంఖ్య సగానికి పడిపోయి సగటు పెరిగితే, ఆ పెరుగుదలను నమ్మకండి.

మీ చర్చా బృందాలకు ఒక పద్ధతి చెబుతాను. ఒక్కో భాగం ముగిశాక, తర్వాతిది తెరవకముందే అర పేజీ రాసుకోండి. ఏ ప్రశ్న మూసుకుంది, ఏది తెరుచుకుంది, చేతిలో ఏ వస్తువు మిగిలింది. ఈ మూడే. మూడోది అయ్యాక ఆ కాగితాలు పక్కపక్కన పెట్టండి. రెండో కాగితంలో "మూసుకున్న ప్రశ్న" ఖాళీగా ఉంటే అది కోసిన కథ, లేదా సాగదీసింది. రెండో కాగితంలో తెరుచుకున్నవన్నీ కొత్తవే అయి, మొదటి కాగితంతో పొత్తు లేకపోతే షెడ్డు. కొనేముందు మూడూ ఒకే ముద్రణలో దొరుకుతున్నాయో చూసుకోండి. ఒకటీ, మూడూ దొరికి రెండోది దొరక్కపోవడం మన పుస్తకాల అంగళ్లలో మామూలే. నడిపోడికి అక్కడా అన్యాయమే.

ప్రశ్నలకు టైముందంటున్నారు. అడగండి.

సభలో ఒకరు: మూడోది ఇంకా రాకుండా మొదటి రెండూ చదవమంటారా, ఆగమంటారా?

మంచి ప్రశ్న. అమెరికాలో ఒక ఫాంటసీ త్రయం మొదటి భాగం 2007లో, రెండోది 2011లో వచ్చింది. మూడోదానికి పాఠకులు ఇంకా ఎదురుచూస్తున్నారు. అలా చూస్తే ఆగమనాలి. కానీ అందరూ ఆగితే మొదటిది అమ్ముడుపోదు, అమ్ముడుపోకపోతే మూడోది రాదు. కాబట్టి కథ విడివిడిగా నిలబడే రకమైతే, అంటే వంశకథో, ఊరి కథో అయితే, ఇప్పుడే చదవండి. ప్రయాణ కథైతే మొదటిది కొని అల్మరాలో పెట్టుకోండి.

ఇంకొకరు: అపూ సినిమాలు ఇప్పుడు చూడాలంటే వరసగానే చూడాలా అండీ? మూడూ ఒకేరోజు చూడొచ్చా?

వరసగానే చూడండమ్మా, ఒకేరోజు మాత్రం వద్దు. ఒక్కో సినిమాలో ఒకటో రెండో చావులున్నాయి, దిగడానికి వ్యవధి కావాలి. వాటి అసలు నెగెటివ్‌లు 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైతే, మిగిలినవాటితో బాగుచేసి 2015లో 4కె ప్రింట్లు తీశారు. ఆ ప్రింటే వెతుక్కోండి. శని, ఆది, సోమ అనుకుని, నడిమిదాన్ని ఆదివారం పెట్టుకోండి.